కూసున్నకాడ తిన్నంత

నెల కింద కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ నన్ను బరువు తూచే యంత్రం మీద నిలబెట్టింది. నేను చూపించుకోవడానికి పోయింది మోకాళ్ల నొప్పికి. ఆమె ముల్లు ఆగిన చోటు చూసి, మోకాళ్ల సంగతి పక్కన పెట్టి, "మాంసం ఎన్నిసార్లు తింటరు తాతా?" అని అడిగింది. ఆదివారం తప్పదనీ, మధ్యలో చుట్టాలొస్తే అదీ తప్పదనీ చెప్పాను.

"తగ్గించాలె. గీ వయసుల లావు మంచిది కాదు," అన్నది.

పక్కనున్న నా మనవడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బస్సెక్కి కూర్చున్నాక కూడా నా కళ్లముందు ఆమె రాసిచ్చిన మందులు లేవు. ఒక మనిషి చెయ్యి ఉంది. బావి గట్టున, బాయిగడ్డ మీద కూర్చుని, వేళ్ల సందుల్లో మట్టి పెట్టి, తోలు ఊడుతుందా అన్నట్టు రుద్దుకుంటున్న చెయ్యి.

ఆయన పేరు రాయను. ఆయన బిడ్డలిద్దరూ ఇప్పుడు మనవలు, మనవరాళ్లతో ఉన్నారు. హుస్నాబాద్ చుట్టుపక్కల ముసలివాళ్లు ఆయన పేరెత్తితే ఇప్పటికీ కడుపు మీద చెయ్యేసుకుని నవ్వుతారు. ఆ నవ్వు మళ్లీ ఆ బిడ్డల చెవిన పడటం నాకు ఇష్టం లేదు. వాడలో నేను ఆయన్ని అన్నా అని పిలిచేవాణ్ని. ఇక్కడా అదే అంటాను.

మాది నేతగాళ్ల వాడ. అన్న ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. పొడుగాటి కొట్టంలో మా బాపు మగ్గం, నా మగ్గం, దర్వాజ పక్కన అన్న మగ్గం. అన్నీ గుంట మగ్గాలే. నేలలో నడుములోతు గుంట తవ్వి, అందులో కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేస్తాం. దర్వాజ పక్కన కూర్చున్నాడు కనుక దారిన పోయే ప్రతివాళ్లూ అన్న కంటపడాల్సిందే. పడినవాళ్లను ఆయన అడిగేది ఒకటే మాట.

"ఏం కూర వదినె?"

"పుంటికూర."

"పప్పేసి వండినవా, ఉత్తదేనా? ఎల్లిపాయ పోపు పెట్టినవా?"

అవన్నీ చెప్పిందాకా వదిలేవాడు కాదు. చెబుతున్నంతసేపూ పోగు తోసే నాడె చేతిలో పట్టుకుని, కళ్లు సగం మూసుకుని వినేవాడు. ఎవరింట్లోనైనా మాంసం వండారని తెలిస్తే ఇక చూడండి, అది లేతదా ముదురుదా, బొక్కలెక్కువా కండలెక్కువా, కొవ్వు ముక్క ఎవరికి వచ్చింది, అన్నీ కావాలి. అంతా విని, "మంచిగున్నది," అని, తిన్నవాడిలాగా మూతి తుడుచుకుని మళ్లీ నేసేవాడు. ఆ రోజుల్లో ఆయన వెదురుబద్దలాగా ఉండేవాడు. నూలు దొరకని కాలం. పోలీసు యాక్షన్ అయిపోయింది, నైజాం పోయాడు, మా పొయ్యి మీదికి మాత్రం కొత్తది ఏమీ రాలేదు. పొద్దున అంబలి, మాపటికి జొన్న గట్క. దసరాకు వాడంతా కలిసి ఒక యాటను, మేకనో గొర్రెనో, కోసి పోగులు పెడితే అన్న ఇంటికి సగం పోగు వచ్చేది. ఆ సగం పోగులో కూడా ఆయన చారే పోసుకునేవాడు, ముక్కలు బిడ్డల పళ్లెంలో వేసేవాడు.

మా ఊరి సారా కంట్రాక్టరుకు లేకలేక కొడుకు పుట్టాడు. పుట్టువెంట్రుకలు తీసిననాడు ఊరంతటికీ విందు చేశాడు. బగారన్నం, యాటకూర. వండింది మస్తాన్ భాయ్. చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా ఆయనే వంట. కులానికొక బంతి కూర్చోబెట్టారు. మా బంతిలో అందరం తిని చేతులు కడుక్కున్నాం. అన్న లేవలేదు. మస్తాన్ భాయ్ గంటెతో వస్తే ఇస్తారి ముందుకు జరిపాడు. మళ్లీ వస్తే మళ్లీ జరిపాడు. తొందర లేదు, ఆబ లేదు. బొక్కను నోటికి ఆనించి, మెల్లగా పీల్చి, వరుసగా పక్కన పెడుతున్నాడు. తర్వాతి బంతి వాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎవరో పోయి చెప్పినట్టున్నారు, కంట్రాక్టరే వచ్చాడు. వెంట తాలూకా నుంచి వచ్చిన చుట్టాలు, నౌకర్లు.

"గీ సాలాయన కడుపుల చెరువున్నదా ఏంది? ఇంకో బొచ్చెడు ఎయ్యుండ్రి, చూద్దాం!"

వేశారు. తిన్నాడు. చప్పట్లు కొట్టారు. ఇంకొకటి వేశారు. అదీ తిన్నాడు. కంట్రాక్టరు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి అన్న వీపు చరిచాడు. అప్పుడు అన్న తలెత్తి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అడిగాడు.

"దొరా, ఇంకొక్క బొచ్చెడు ఇప్పిస్తే పిల్లలకు పట్కపోత."

కంట్రాక్టరు నవ్వు ఆపలేదు. "కూసున్నకాడ తిన్నంత నీది. మూట కట్టుడు లేదు. మూట కడితే భిక్షమైతది. నిన్ను భిక్షగాన్ని జేస్తనా నేను?"

చుట్టూ ఉన్నవాళ్లకు అది పెద్ద మర్యాద మాటలాగానే వినిపించింది. నాకూ అట్లాగే వినిపించింది.

ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ అన్న దారి పొడవునా ఒకటే అన్నాడు. "కడుపు నిండుడంటే గిట్లుంటదని నాకు ఎర్కలే తమ్మీ. ఎర్కలే." గుమ్మంలో చిన్నబిడ్డ ఎదురొచ్చింది. నాలుగైదేండ్ల పిల్ల. తండ్రి చెయ్యి అందుకుని ముక్కుకు ఆనించుకుంది. వాసన చూసింది. తర్వాత పెద్దబిడ్డ వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది.  అన్న ఆ రెండు చేతులూ వాళ్లకు ఇచ్చేసి, గోడకు ఆనుకుని అట్లాగే నిలబడ్డాడు.

అప్పటినుంచే, విందుకు పోయి వచ్చిన ప్రతిసారీ, ముందు బాయిగడ్డకు పోయి మట్టితో చేతులు రుద్దుకుని గాని ఇంట్లోకి వచ్చేవాడు కాదు.

ప్రతిసారీ అన్నాను. ఎందుకంటే అది ఒక్కసారితో పోలేదు. కంట్రాక్టరు ఇంటికి ఎవరో ఒక అధికారి వస్తాడు, ఎవరో ఒక దోస్తు వస్తాడు. వాళ్లకు చూపించడానికి అన్న కావాలి. కంట్రాక్టరు నౌకరు సైకిల్ మీద వచ్చి మా కొట్టం ముందు బెల్లు కొడతాడు. దిగడు, పిలవడు. బెల్లు కొట్టి పోతాడు అంతే. అన్న చేతిలో నాడె ఆగిపోతుంది. మా బాపు తల తిప్పకుండా తన మగ్గం తాను నేస్తుంటాడు. లోపల అన్న భార్య, మా వదినె, కండెలు చుడుతున్న రాట్నం చప్పుడు కూడా ఆగిపోతుంది.  తర్వాత అన్న గుంటలోంచి లేచి, భుజాన తువ్వాల వేసుకుని పోతాడు.

ఎందుకు పోతావని ఒకసారి అడిగాను.

"నేను ఆడ తింటే నా వంతు గట్క ఈడ పిల్లలకు మిగులుతది గద," అన్నాడు. తర్వాత, "ఇంకోటి గూడ ఉన్నది తమ్మీ. మగ్గం మీద నేను పదిమందిల ఒకన్ని. ఆ ఇస్తారి ముందల కూసుంటే నా అసొంటోడు లేడు," అన్నాడు. గొంతు తగ్గించి, "ఓ నాడు యాటనే ఇంటికి తోలిస్త అన్నడు దొర. బతికున్న యాటను," అన్నాడు.

ఆ యాట ఎప్పుడూ రాలేదు. ఒళ్లు వచ్చింది.

మొదట మెడ కింద వచ్చింది. తర్వాత నడుముకు వచ్చింది. ఆ కాలంలో లావు కావడం అంటే తప్పు కాదు, అదృష్టం. "ఒళ్లు చేసినవ్ గదనే, మంచిగున్నవ్," అని ఎదురుపడ్డవాళ్లు మెచ్చుకునేవాళ్లు. అన్న సిగ్గుపడుతూ నవ్వేవాడు. ఆయన మొలతాడు బిగుసుకుపోతే వదినె దాన్ని కోసి కొత్తది కట్టింది. కొన్నాళ్లకు అదీ కోసింది. మూడోది కడుతూ, "గిది నా చెయ్యితోని ఆఖరిది. ఇగ నేను కట్ట," అన్నది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ మాట నేను గోడ ఇవతల నుంచి విన్నాను.

పక్కనే బిడ్డలు. పెద్దదానికి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చిన్నదానికి కడుపు ముందుకు, కాళ్లు పుల్లలు. ఆ ముగ్గురూ వాకిట్లో కూర్చుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. మెచ్చుకోలు మెల్లమెల్లగా ఇంకో మాటగా మారింది. "పిల్లల కడుపు గొట్టి తింటుండు." ఎవరు మొదలుపెట్టారో తెలియదు. వాడలో అందరికీ తెలుసు అది అబద్ధమని, అయినా ఆ కాయాన్ని, ఆ పుల్లల్లాంటి కాళ్లను పక్కపక్కన చూసినప్పుడు నోరు దానంతట అది ఆ మాటే అనేది.

మాంసం తింటే లావవుతారా అన్నది ఒక ఆదివారం కటికాయన దుకాణం ముందు పెద్ద వాదమే అయింది. కటికాయన కత్తి తుడుస్తూ, "నేను పుట్టిన కాన్నుంచి తింటున్న. నా ఒంటి మీద ఏమున్నది? మాంసం బలమిస్తది, కొవ్వు గాదు. గా అన్నం కుప్పలు, గా కల్లు, గవి జేస్తయి," అన్నాడు. ఇంకొకాయన, "గట్లయితే బాపనోళ్లకు బొజ్జలెట్ల వస్తున్నయి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఒక ముసలాయన మాత్రం నవ్వకుండా, "ఆకలైనోడు తిన్నది ఒంటికి పడుతది. ఇంకొకని కోసం తిన్నది ఒంటి మీద పడుతది," అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. వాదం ఇంకో దారి పట్టింది.

ఒక వానాకాలం మధ్యాహ్నం అన్న గుంటలో ఇరుక్కున్నాడు. కాళ్లు దించాడు, తొడలు దిగలేదు. ఇంకాస్త బలం పెట్టాడు, దిగాయి. నేయడం మొదలుపెట్టి కాసేపయ్యాక పైకి లేవబోతే లేవలేకపోయాడు. నేనూ మా బాపూ రెండు చంకల కింద చేతులు వేసి లాగాం. ఆయన ముఖం నల్లబడి, చెమట ముక్కు మీదుగా నేత మీద పడుతున్నది. నేత తడుస్తుందని తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు గాని ముఖం తుడుచుకోలేదు. బయటికి వచ్చాక నేల మీద కూర్చుని చాలాసేపు ఆయాసపడ్డాడు.

మర్నాడు గడ్డపార తెచ్చి గుంట వెడల్పు చేయడం మొదలుపెట్టాడు. వదినె దర్వాజలో నిలబడింది.

"ఎంత తవ్వుతవయ్యా? ఇగ ఆడికి పోవుడు బందు వెట్టరాదు?"

"జర ఆగు. యాట ఇంటికొచ్చినంక బందు వెడుత."

ఆమె గడ్డపార వైపు, తవ్విపోసిన మట్టి కుప్ప వైపు చూసింది. లోపలికి పోయింది. ఆ పూట ఇంట్లోంచి రాట్నం చప్పుడు రాలేదు.

ఆ తర్వాత మస్తాన్ భాయ్ ఒకరోజు నన్ను బజార్లో ఆపాడు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఆ రోజు నవ్వలేదు. "తమ్మీ, మీ అన్నకు జర చెప్పు. దొర నాతోని కూరల అలగ్‌గ కొవ్వు కరిగించి పోయిస్తుండు, చూసెటోళ్లకు ముక్క నిగనిగ కొట్టాలెనట. మొన్న ఆయన కాలు చూసిన. ఏలు పెట్టి నొక్కితే గుంటవడ్డది, మళ్ల లేస్తలే. నాకు డర్ అయితుంది." గొంతు తగ్గించాడు. "గిప్పుడు పందెం పెడుతుండ్రు. ఆదిలాబాద్ దిక్కు కెళ్లి కట్టె కంట్రాక్టరొకడు వస్తుండు. వాని తాన ఒక తినెటోడున్నడట."

నేను అన్నకు చెప్పాను. ఆయన అప్పటికే విన్నాడు.

"గెలిస్తే యాటను ఇంటికి తోలుతనన్నడు తమ్మీ. గీసారి నలుగురి ముంగట అన్నడు."

పందెం కంట్రాక్టరు మామిడితోటలో. పట్టపగలు. గుడారం వేశారు. రెండు ఊళ్ల జనం వచ్చారు, వాడ వాళ్లమూ పోయాం. అవతలివాడు అడవిలో దుంగలెత్తే మనిషి. ముప్పై ఏండ్లుండొచ్చు. అన్నకంటే పొట్టి, అన్నకంటే వెడల్పు, నెత్తిన ఎర్రటి రుమాలు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, మధ్యలో రెండు గుండిగలు పెట్టారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క యాట. నేను ముందు వరసలో ఉన్నాను కనుక వాళ్ల మాటలు నాకు వినబడ్డాయి. మొదటి ముద్ద ఎత్తకముందే వాడు అన్న వైపు వంగి, "భావూ, హళూ ఖా," అన్నాడు. ఆ దిక్కు మరాఠీ కలిపి మాట్లాడుతారు. మెల్లగ తినుమని. అన్నకు ఆ మాట అర్థమైంది.

"నీకు పిల్లలా?" అన్నాడు.

"ముగ్గురు. నీకు?"

"ఇద్దరు బిడ్డలు."

"వాళ్లు తిన్నరా?"

అన్న ముద్ద కలపడం మొదలుపెట్టాడు.

ఇద్దరూ మెల్లగానే తిన్నారు. జనం అరుస్తున్నారు, పాటలు కడుతున్నారు, వాళ్లు మాత్రం పనిలోకి దిగిన కూలీల్లాగా తలొంచుకుని తింటున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. వాడి రుమాలు తడిసి కళ్ల మీదికి జారింది, పైకి లాగుకోలేదు. ఒకచోట వాడు ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. ఎవరో పిలిచినట్టు పక్కకు చూశాడు. ఎడమచేత్తో గుండె రుద్దుకున్నాడు. "మాయ్," అన్నాడు, చిన్నపిల్లవాడు తల్లిని పిలిచినట్టు. ఇస్తారి మీదికి ఒరిగిపోయాడు.

జనం గెలుపు గెలుపు అని కేకలు పెట్టారు. కట్టె కంట్రాక్టరు మనుషులు వాణ్ని రెక్కలు పట్టుకుని లేపి, లారీ వైపు ఈడ్చుకుపోయారు. వాడి మడమలు మట్టిలో రెండు గీతలు గీశాయి. అన్న లేవబోయాడు. మా కంట్రాక్టరు భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టాడు.

"యాడికి? గుండిగల ఇంక ఉన్నది. అది ఒడిసిపోతేనే గెలుపు. నడుమల లేస్తే ఇద్దరూ ఓడినట్టు."

అన్న తిన్నాడు. ఆ గుండిగ ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, కారం ఎక్కువైందని జనం నవ్వుతున్నారు. చివర దండ వేశారు. ఇద్దరు కంట్రాక్టర్లూ అలయ్ బలయ్ అని కౌగిలించుకున్నారు.

దారిలో అన్న మూడుచోట్ల కూర్చున్నాడు. వాంతి చేసుకున్నాడు. చేతులు కడుక్కోవడానికి బాయిదాకా పోలేక, వదినె తెచ్చిన చెంబు నీళ్లతో గుమ్మంలోనే కడుక్కున్నాడు.

తర్వాతి జుమ్మా రోజు మస్తాన్ భాయ్ వాడకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఆ మనిషి పోయిండు. పెద్దపల్లి టేషన్ కాడ రైలుకు ఎక్కియ్యకముందే పాణం పోయిందట. నా చెయ్యితోని వండిన కూర," అన్నాడు. ఆ తర్వాత ఆయన కంట్రాక్టరు ఇంట గంటె పట్టలేదు.

అన్న రెండు రోజులు మగ్గం ఎక్కలేదు. తర్వాత సైకిల్ వచ్చింది. బెల్లు కొట్టింది. అన్న లేచి, తువ్వాల వేసుకుని, "తమ్మీ, తోడు రా," అన్నాడు. పోయాం. కంట్రాక్టరు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. వాకిట్లో ఇస్తారి వేసి ఉంది. అన్న దాని దగ్గరికి పోలేదు.

"దొరా, ఇగ నేను రాను."

"ఎందుకు?"

"ఆయనకు ముగ్గురు పిల్లలట."

"ఎవనికి?"

అన్న కంట్రాక్టరు ముఖంలోకి అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. కంట్రాక్టరు నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు.

"తోటల... మీ పందెంల..."

"ఓ, వాడా! వాని పాణం గంతే. సరే, నీ ఇష్టం. తినెటోళ్లకు కరువా ఏంది?" అని పక్కకు తిరిగి మాట కలిపాడు. అన్న ఇంకా నిలబడే ఉంటే, "ఇంకేంది?" అన్నాడు. యాట సంగతి అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. తిరిగి వచ్చాం. నెల తిరక్కముందే ఆ ఇస్తారి ముందు పక్క ఊరి జీతగాడొకడు కూర్చున్నాడని విన్నాం.

అన్న మాంసం మళ్లీ ముట్టలేదు. అది ఒట్టేమీ కాదు. గొంతు దిగడం లేదన్నాడు అంతే. ముట్టకపోతే లావు తగ్గుతుందని మేమంతా అనుకున్నాం. ఆయన కూడా అనుకున్నాడు. తగ్గినచోట తగ్గింది, భుజాల మీద తోలు వేలాడింది. కాని కడుపు అట్లాగే ఉంది, కాళ్లు మాత్రం ఇంకా పెరిగాయి. సర్కారు దవాఖానాకు తీసుకుపోతే అక్కడి డాక్టరు ఒళ్లు చూసి, మనిషిని చూడకుండానే, "మాంసం బందు చెయ్. నూనె, నెయ్యి ముట్టకు. పాలు, పండ్లు తిను," అన్నాడు. వదినె అక్కడే కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. వాళ్లింట్లో ఆ వారం గట్కలోకి ఉప్పు కూడా అప్పు తెచ్చిందే.

తర్వాత నేను ఊళ్లో లేను. మగ్గం మీద బతుకు సాగక శ్రీరాంపూర్ బొగ్గుబాయికి పోయాను. పండుగకో పబ్బానికో వచ్చేవాణ్ని. వచ్చినప్పుడల్లా అన్న కొట్టంలో దర్వాజ పక్కనే కనిపించేవాడు. నేసేది తక్కువ, ఆయాసపడేది ఎక్కువ. దారిన పోయేవాళ్లను ఏం కూర అని అడగడం మానేశాడు. కంకులు కోయడానికి, మట్టి మోయడానికి కూలికి పోతే ఎవరూ పిలిచేవాళ్లు కాదట. "నీకు తిండి పెట్టుడు మాతోని కాదు," అనేవాళ్లట. చేబదులు శేరు బియ్యం అడిగినా అదే. "గింత కాయం ఉన్నోనికి ఆకలెక్కడిది?" ఆ మాట నిజంగా నమ్మే అనేవాళ్లు. ఎండిపోయినవాణ్ని చూస్తే ఆకలి అని తెలుస్తుంది. ఇంత మనిషిని చూస్తే ఎట్లా తెలుస్తుంది?

ఒక దసరాకు మా ఇంట యాటకూర వండారు. నేనే ఒక గిన్నె తీసుకుపోయి ఇచ్చాను. అన్న బిడ్డలను పిలిచాడు. పెద్దది అప్పటికి పెళ్లీడుకు వచ్చింది. ఇద్దర్నీ తన ముందు కూర్చోబెట్టి, గిన్నె వాళ్ల మధ్య పెట్టి, కన్నార్పకుండా చూశాడు. చిన్నది ఒక ముక్క తీసి ఆయన నోటికి అందించింది. తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు తినవా అన్నా?"

"నా వంతు అయిపోయింది తమ్మీ." తర్వాత బిడ్డల వైపు తిరిగి, ఎన్నో ఏండ్ల తర్వాత ఆ పాత గొంతుతో, "లేతగున్నదా? ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు. వాళ్లు చెబుతుంటే కళ్లు సగం మూసుకుని విన్నాడు.

ఆ తర్వాతి ఎండాకాలంలో మా చెల్లె పెళ్లి మాటలకని ఊరికి వచ్చాను. వచ్చిన రెండో రోజు పొద్దున గోడ అవతల నుంచి వదినె కేక వినిపించింది. ఉరికాం. అన్న మగ్గం గట్టు మీద, కాళ్లు గుంటలోకి దించి, వెనక్కి పడి ఉన్నాడు. చేతిలో నాడె ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆరుగురం కలిసి ఆయన్ని బయటికి తీశాం.

మధ్యాహ్నానికి వాడంతా చేరింది. పాడె కట్టారు. నలుగురు ఎత్తబోయి దించారు. ఇంకో వెదురు వేసి గట్టిగా కట్టి, ఇంకో ఇద్దర్ని పిలిచారు. ఎండ మండుతున్నది. మోయాల్సినవాళ్లు తువ్వాలలు మడిచి భుజాల మీద పెట్టుకుంటూ మాట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గించాలని కూడా ఎవరికీ తోచలేదు.

"ఎంత తిన్నడో పాడుగాను."

"తిని తిని సచ్చిండు. గిట్ల సచ్చుడు గూడ అదృష్టమే."

"పిల్లల నోటికాడిది గూడ..."

వదినె శవం తల దగ్గర కూర్చుని ఉంది. అన్నీ వింటున్నది. ముఖం ఎత్తలేదు.

కులపెద్ద ముందుకు వచ్చాడు. పాడె ఎత్తే ముందు చనిపోయినవాళ్ల నోట్లో ఇన్ని బియ్యం పోయడం మా వాళ్ల ఆచారం. "గింతన్ని బియ్యం తే బిడ్డా," అన్నాడు పెద్దబిడ్డతో.

ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"బియ్యం, బిడ్డా. పిడికెడు సాలు."

వదినె లేచింది. లోపలికి పోయి బియ్యం కుండ ఎత్తుకుని వచ్చింది. కులపెద్ద కాళ్ల ముందు దాన్ని బోర్లించింది. ఏమీ రాలేదు. గట్టిగా రెండుసార్లు దులిపింది. కుండ అడుగున పట్టిన దుమ్ము మాత్రం రాలింది.

"మొన్నటి సంది లేవు," అన్నది. "పిల్లలకు పక్కింట్ల ఇంత గంజి తెచ్చి పోసిన. ఆయన నాకు ఆకలైతలేదు అన్నడు."

మా అవ్వ మా ఇంట్లోకి ఉరికి కొంగులో బియ్యం పోసుకుని వచ్చింది. కులపెద్ద పిడికెడు తీసుకున్నాడు. ఆయన పోస్తుంటే గింజలు కొన్ని అన్న గడ్డం మీద, మెడ మీద పడ్డాయి. చిన్నబిడ్డ వంగి, వాటిని ఒక్కొక్కటే ఏరి తండ్రి నోట్లో వేసింది.

తర్వాత ఎత్తాం. నేనూ ఒక భుజం పట్టాను. చెరువు అవతల కాటి దాకా దారి చాలా దూరం. ఎవరూ భుజం మార్చమని అడగలేదు.